పర్దా ఎనక గొంతు

ఆ పిల్ల పేరు ఇప్పుడు గూడ చెప్ప. చెప్పేదుంటే గప్పుడే చెప్పి, మా అన్న ఇంట్ల నా జాగల నేను హాయిగ పండుకుందును. పేరు ఇడిచిపెట్టి మిగతాది చెప్త. దాసి దాసి నాకే బేజారొచ్చింది.

నిజాం సర్కారు నడుస్తున్న దినాలు. పాలమూర్ల ఆడోళ్లకు వేరే జనానా దవాఖాన ఉండె. చుట్టూ ఎత్తు గోడ, గోడకు ఒకటే దర్వాజ, దర్వాజకు దొడ్డు గుడ్డ పర్దా. లోపట డాక్టరమ్మ, ఒక నర్సమ్మ, ఆయాలం నలుగురం. మొగోడెవడైనా లోపటికి రావాలంటే దర్వాజ కాడ నిలవడి “పర్దా!” అని కేకెయ్యాలె. బొక్కెన బాగుజేసేటోడైనా అంతే, పట్నం నుంచి వచ్చిన పెద్ద సాబైనా అంతే. కేక ఇనంగనే బురఖాలోళ్లు బురఖాలు కప్పుకుందురు, బాలింతలు దుప్పట్లు మొఖం మీదికి గుంజుకుందురు. ఆయాలం మాకు పర్దా లేదు. మేం పనోళ్లం, మమ్ముల ఎవలు జూస్తే ఏంది, ఎవలు జూడకుంటే ఏంది.

నా మొగడు గత్తర రోగమొచ్చి పోయిండు. పిల్లల్లేరు. మిషనోళ్ల బడిల నాలుగక్షరాలు నేర్సుకున్న గనుక గీ నౌకరి దొరికింది. మా అన్న ఇంట్ల ఉంటుంటి. అన్న మా సంఘానికి పెద్ద. ఆదివారం చర్చిల పాస్టర్ పక్కన నిలవడి పాట ఎత్తుకునేటోడు. ఆయన చెల్లెనని నాకు గూడ ముందు వరుసల చాప మీద జాగ ఉండె. గా జాగ అంటే నాకు శానా ఇష్టం, అబద్ధమెందుకు.

దవాఖానల మందుల అర్ర ఒక్కటే లోపటికి బైటికి నడుమ ఉండె. కంపౌండర్ బైటి తలుపు నుంచి వచ్చి కూసుంటడు. మా దిక్కు చిన్న కిటికి, దానికి వెదురు చిక్కు తెర. రోగమొచ్చిన ఆడోళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలు మేం కిటికిల పెడితే, ఆయన మందు కలిపి, సీసా మీద కత్తిరించిన కాయితం పట్టి అంటించి తిరిగి పెట్టేటోడు. కాయితం మీద ఒక గాటు వరకు తాగితే ఒక పూట మందు. తెర అడ్డం ఉండంగ ఎవలు ఎవలో కనవడేది గాదు. “ఏం అక్కా, ఇయ్యాల జల్ది వచ్చినవ్” అని ఆయనే ముందుగాల పలకరించేటోడు. పనిల హుషారు మనిషి. చంటిపిల్లల మందుల చేదు తెల్వకుండ తేనె కలిపేటోడు. తల్లులంత చేతులెత్తి దీవించి పోదురు. నేను గూడ మంచోడే అనుకున్న.

పెద్ద జాడీలు దించేదుంటే లోపటి తలుపు తీసి ఎవలన్న ఒక ఆయాను పిలుస్తుండె. మొదట్ల ఎవ్వల్నన్న పిలిచేది. తర్వాత తర్వాత గా పిల్లనే పిలుసుడు వెట్టిండు.

గా పిల్ల మాలో అందరికంటె చిన్నది. సంటిబిడ్డ తల్లి. మొగడు టేషన్ల మూటలు మోసేటోడు. పొద్దుగూకంగ దర్వాజ కాడికొచ్చి నిలవడి ఇంటికి తోల్కపోతుండె. ప్రేమతోని అనుకునేరు, కాదు. జర ఆలస్యమైతే “ఎవనితోని మాట్లాడుతున్నవ్ లోపట?” అని అందరి ముంగట అడిగేటోడు. వాళ్ల అత్త గూడ, జనానాల మొగ పురుగు ఉండదని నర్సమ్మతోని మాట తీసుకున్నంకనే కోడల్ని పనికి పంపింది. ఏదన్న అటిటైతే బిడ్డను గుంజుకొని దీన్ని ఎల్లగొడ్తమని ఆమె ఒకసారి నా ముంగటనే అన్నది. నవ్వుకుంట అన్నది గని నవ్వుల మాట గాదు అది.

ఒకనాడు మధ్యాహ్నం, సూదులు కత్తెర్లు ఉడకవెట్టే కొట్టంల పొయ్యి ముంగట గా పిల్ల కూసోని ఉంది. పొయ్యిల నిప్పు లేదు. రవిక భుజం కాడ చిరిగి ఉంది. “ఏమైందే?” అంటే “జాడీ కొక్కేనికి తట్టింది” అన్నది. కొక్కేనికి తడితే మనిషి గట్ల వణుకుతదా? నేను కట్లు కుట్టే దారం తెచ్చి రవిక మనిషి ఒంటి మీద ఉండంగనే కుట్టుకుంట కూసున్న. ఏం అడగలే. సగం కుట్టినంక అదే చెప్పింది. లోపటి తలుపు ఎట్ల దగ్గరికేసిండో, ఎట్ల పట్టుకున్నడో, ఇదే మొదటిసారి గాదని. చెప్పుకుంట చెప్పుకుంట నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకున్నది.

“అక్కా, నా పేరు ఎవ్వలకు చెప్పనని ఒట్టు వెయ్యి. నా బిడ్డ నాకు దక్కదు.”

ఒట్లు వెయ్యొద్దని మా పాస్టర్ ఎప్పుడూ చెప్తుండె. అయినా వేసిన. గా మొఖం జూసి వెయ్యకుండ ఎవలుంటరు?

ఒట్టు వేసిన గని ఊకుండలేకపోయిన. ఊకుంటే రేపు మళ్ల పిలుస్తడు. ఎవలకు చెప్పాలె? పైన ఉన్నది డాక్టరమ్మ ఒక్కతే. ఆమె బెజవాడ దిక్కు మనిషి, మద్రాసుల సదువుకున్నది. మేం “గట్ల” అంటే ఆమె “అట్లా” అనేది, ఆమె మాట ఇని మేం చాటుకు నవ్వుకునేది. కోపం ఎక్కువ గని మనసు మంచిది. అర్ర తలుపేసి ఆమెకు చెప్పిన. “మా ఆయాలల్ల ఒకామెకు గిట్ల అయితాంది. పేరు అడగొద్దమ్మా” అన్న. ఆమె మొఖం ఎర్రగైంది.

“నువ్వేం భయపడకు. ఈ మాట ఈ గది దాటి పోదు. నా మీద నమ్మకం ఉంచు” అన్నది.

నమ్మిన. ఇగ కంపౌండర్‌ను పిలిచి నాలుగు మాటలని, లోపటి తలుపుకు తాళమేపిస్తదని అనుకున్న. ఎవలకు తెల్వకుండ పనైపోతదని సంబరపడుకుంట ఇంటికి పోయి, చాపల పులుసు వండిన. మా అన్న రెండోసారి ఏసుకొని తిన్నడు.

డాక్టరమ్మ తాళమేపియ్యలే. పట్నంకు తెలిపింది. ఎవలో పెద్ద సాబు తహకీకాత్‌కు, అంటే విచారణకు, వస్తున్నడని దవాఖానంత గుప్పుమన్నది. నేను ఉరికిపోయి “ఇదేందమ్మా, గది దాటదంటిరి?” అన్న. ఆమె నన్నే వింతగ జూసింది.

“నేను పేరు చెప్పలేదుగా? ‘ఒక ఆయా’ అన్నాను, అంతే. ఇలాంటివాణ్ణి ఊరికే వదలమంటావా?”

నా ఒళ్లు మండింది. ఉన్నదే నలుగురం! నలుగుట్ల “ఒకామె” అంటే ఇగ దాసింది ఏముంది? ఊరంత ముగ్గుర్ని తీసేసి నాలుగోదాన్ని జూస్తది. మంచిది చేస్తున్ననని ఆమె గట్టిగ నమ్ముతున్నది, ఆమెను ఏమని తిడ్తం? సదువుకున్నోళ్ల మాట నిలవెట్టుకునుడు గిట్ల ఉంటదా అనుకున్న. గా పిల్లకు చెప్తే అది ఏడ్వలే. పాలిచ్చే రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని గోడకు ఒరిగింది. “అక్కా, నువ్వు ఒట్టేసినవ్” అన్నది, అంతే.

గప్పటి సర్కారు కచేరీల ఒక రివాజు ఉండె. ఎవల మీద ఫిర్యాదొస్తే వాళ్లను గూడ అక్కడ్నే కూసోబెట్టి, వాళ్ల ముంగటనే ఫిర్యాదు చెప్పియ్యాలె. దాన్ని రూబరూ అందురు, అంటే మొఖాముఖం. వాడు ఎదురుంగ కూసోని మీసం దువ్వుకుంట జూస్తుంటే, గా పిల్ల నోరు తెరిచి చెప్పాలె అన్నట్టు. దవాఖాన గుమాస్తలు, చప్రాసులు అందరు ఇంటరు. పొద్దుగూకే యాళ్లకు టేషన్ల మూటలు మోసేటోళ్లకు గూడ తెలుస్తది.

రెండు దినాలు నాకు తిండి సయించలే. గప్పుడు నాకొక ఉపాయం తట్టింది. డాక్టరమ్మ కాడికి పోయి నిలవడ్డ. “మేం జనానాల పనిజేసేటోళ్లం. మాకు గూడ పర్దా కావాలె. మొగోళ్ల ముంగట మొఖం జూపియ్యం. నలుగురం పర్దా ఎనక కూసోని చెప్తం, ఎవలు చెప్పిన్రో ఎవలకు తెల్వనక్కర లేదు” అన్న. ఆమె ముందు తెల్లబోయింది. పొద్దుందాక మొగ చప్రాసులతోని కొట్లాడే ఆయాలకు పర్దా ఏందని. కని జనానాల ఆడది పర్దా అడిగితే, లేదనే మొగోడు గా సర్కార్ల లేడు. సాబు ఒప్పుకున్నడు.

సాబు వచ్చిన దినాన వరండల నిలువుకు పెద్ద పర్దా కట్టిన్రు. అవతల సాబు, కంపౌండర్, గుమాస్తలు. ఇవతల చాప మీద ఆయాలం నలుగురం, నడుమ డాక్టరమ్మ కుర్చి. గా పిల్లను నా పక్కన కూసోబెట్టుకున్న. మెల్లగ నాలుగు ముక్కలు చెప్తే సాలు, గుడ్డ ఎనక నువ్వెవలో వానికేం తెలుస్తది అని ధైర్యం చెప్పి తెచ్చిన. నా తెలివికి నేనే మురిసిన.

గంతల మిగతా ఇద్దరాయాలల్ల ఒకామె తుమ్మింది.

“ఏం చిన్నమ్మా, ఇంక పడిశం తగ్గలేదా? మిక్శ్చర్ సగమే తాగినట్టున్నవ్” అన్నడు అవతల నుంచి కంపౌండర్, నవ్వుకుంట, సాబు ముంగటనే.

ఎంత ఎర్రిదాన్ని! ఏండ్ల సంది వాడు మమ్ముల చిక్కు తెర అవతల నుంచే ఎరుగును. మా మొఖాలకంటె మా గొంతులే వానికి ఎక్కువ ఎరుక. దగ్గితె చాలు, తుమ్మితె చాలు, వానికి తెలుస్తది. గా పిల్ల “సాబ్” అని ఒక్క మాటంటే, వాడు అక్కడ్నే దాని పేరు పెట్టి పలకరిస్తడు. పడిశం గురించి అడిగినట్టే అందరి ముంగట అడుగుతడు. గా పిల్లకు గూడ గది తెలిసింది. నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది, గోర్లు దిగినయి.

సాబు ఉర్దుల అడిగిండు. “ఫిర్యాదీ ఎవరు? చెప్పండి.”

డాక్టరమ్మ మా దిక్కు జూసింది. నేనే గొంతు సదురుకొని “సాబ్, మా ఆయాలల్ల ఒకామెను కంపౌండర్...” అన్న. ఉర్దు నాకు మంచిగనే వస్తది. సాబు నడుమల్నే ఆపిండు.

“విన్న మాట చెల్లదు. ఎవరికి జరిగిందో వాళ్లే చెప్పాలి. లేకుంటే ఇక్కడితో బంద్.”

బంద్ అంటే ఏందో మాకు తెల్సు. వాడు నవ్వుకుంట పోయి అర్రల కూసుంటడు. రేపు లోపటి తలుపు తీసి పిలుస్తడు. నేను గా పిల్లను జూసిన. అది కండ్లు మూసుకోని పెదాలు విప్పబోతున్నది. నేను దాని నోటి మీద చెయ్యి అడ్డం పెట్టిన.

“నాకే జరిగింది, సాబ్” అన్న.

ఎందుకన్నవంటే నాకు తెల్వదు. ముందే అనుకున్నది గాదు. అన్నంక ఇగ ఆగలే. గా పిల్ల నాకు చెప్పిందంత నా ఒంటి మీద జరిగినట్టే చెప్పిన, తలుపు దగ్గరికేసుడు కాడికెల్లి రవిక చినుగుడు దాక. నాకు సిగ్గు నిజంగనే వచ్చింది, ఏడ్పు గూడ నిజంగనే వచ్చింది. మిగతా ఇద్దరాయాలు నోరు తెరుసుకోని జూస్తున్నరు. గప్పటికి నాకు నలభై దాటినయి. సగం నెత్తి నెరిసింది. పర్దా అవతల ఉన్న సాబుకు గది కనవడది గద.

అవతల కంపౌండర్ లేసి నిలవడ్డట్టున్నది, కుర్చి ధడేల్మని పడ్డది.

“ఝూట్, సాబ్! ముసల్ది! గీమె జోలికి నేనెందుకు పోత? గీమె కాదు!”

తర్వాత సాబు మెల్లగ అడిగిండు.

“ఈమె కాదా? మరి ఎవరు?”

వాడు పేరు చెప్తే చేసిన తప్పు ఒప్పుకున్నట్టు. గట్ల గా పేరు వాని గొంతులనే ఇరుక్కున్నది. పర్దా ఇవతల గా పిల్ల నా భుజం మీద తలకాయ పెట్టి, చప్పుడు రాకుండ కొంగు నోట్లె కుక్కుకున్నది.

వాన్ని నౌకరి నుంచి తీసేసిన్రా అంటే లేదు. నల్లగొండ దిక్కు ఏదో ఊరికి బదిలీ చేసిన్రు. అక్కడ గూడ ఆడోళ్లు ఉంటరు గద, మందులడుగుతరు గద. గది యాదికొస్తే ఇప్పటికి నా మనసు కలుక్కుమంటది. డాక్టరమ్మ నన్ను పిలిచి “మొన్న ఒకామె అన్నావు, నీకేనా?” అన్నది. “సిగ్గుకు గట్ల చెప్పిన” అన్న. ఆమె నా చేతులు పట్టుకొని కండ్లనీళ్లు పెట్టుకున్నది. ఆమె ముంగట నాకు అబద్ధమాడబుద్ధి గాలే. కని ఒకసారి నమ్మి చెప్తే ఏమైందో జూసిన గద.

వాడు “గీమె కాదు” అని అరిచింది అందరు ఇన్నరు. అయినా నన్నే నమ్మిన్రు. ఆడదైనంక లేని మాట తన మీద తనే ఎట్ల ఏసుకుంటది అని వాళ్ల లెక్క. నమ్ముడంటే జాలి పడుడు అనుకునేరు. “ఈ వయసుల దీనికేమొచ్చింది? ఇది పోకుంటే వాడు వచ్చిండా?” అనిన్రు. నీళ్లు తోడే బావి కాడ నేను పోంగనే మాటలు ఆగుడు, నేను తిరగంగనే మొదలువెట్టుడు.

మా అన్న ఏం అనలే. అంటే బాగుండె. నా చేతి వంట తినుడు బంద్ వెట్టిండు. జొన్న గట్క గిన్నె ముంగట పెడితే “ఆకలి లేదు” అని లేసి పోయేటోడు, వదినె వేరే వండి పెడితే తినేటోడు. ఆదివారం చర్చిల ముందు చాప మీద నా పక్కన ఉండే ఆడోళ్లు జరిగి కూసున్నరు. మరుసటి వారం నేనే ఎనక గోడ కాడికి పోయిన. పాట ఎత్తుకునేటప్పుడు అన్న నా దిక్కు జూసేటోడు గాదు. “అన్నా, నేను గాదు” అని ఒక్క మాట చెప్తే అయిపోవు. ఎన్నిసార్లు నోటి దాక వచ్చిందో. కని ఆయన వదినెకు చెప్తడు, వదినె వాళ్ల అక్కకు చెప్తది, అంత మంచోళ్లే, ఎవలు చెడ్డోళ్లు గాదు. నలుగుట్ల ఒకామె సంగతి మళ్ల మొదటికొస్తది. దవాఖాన ఎనక ఒక అర్ర కిరాయికి తీసుకొని గడప దాటిన.

ఇగ గా పిల్ల. మొదట్ల కొన్నొద్దులు చాటుంగ నా చెయ్యి ఒత్తి పోయేది. తర్వాత ఒద్దికగ దూరం జరిగింది. నాతోని మాట్లాడొద్దని మొగడు చెప్పిండంట. గట్లాంటి దానితోని నీకేం పనని. నేనే చెప్పిన, “ఇను పిల్లా, నాతోని కలిసి తిరిగితే అనుమానమొస్తది, జరుగు” అని. చెప్పింది నేనే. కని అది గంత మంచిగ ఇంటదని అనుకోలే. ఎదురొస్తే తల దించుకొని పోయేది. వాళ్ల బిడ్డ నడుసుడు నేర్సింది, మాటలు నేర్సింది, నన్ను జూసి ఉరికొస్తే రెక్క పట్టుకొని గుంజుకపోయేది. గప్పుడు నాకు కోపమొచ్చింది, శానా కోపమొచ్చింది. గా బిడ్డ నీ చంకల ఉన్నదంటే ఎవల వల్లనే అని అరవాలనిపించింది. అరవలే.

గడబిడల దినాలు వచ్చినయి, పోయినయి. సర్కారు మారింది. దవాఖాన దర్వాజకు పర్దా తీసేసిన్రు. మంచాల నడుమ మాత్రం గుడ్డలు కట్టి ఉంచిన్రు. డాక్టరమ్మ వాళ్ల దిక్కు ఎల్లిపోయింది. నా మోకాళ్లు పట్టినయి. గా పిల్ల ఇప్పుడు పిల్ల గాదు, కొత్త ఆయాలకు పని నేర్పే పెద్ద ఆయా. పని మంచిగ చేస్తది, ఆ మాట కాదన.

ఒకనాడు నేను ఒక బాలింత కాడ కూసోని కట్టు మారుస్తున్న. గుడ్డ అవతల అది కొత్తగ వచ్చిన పిల్లకు పక్కగుడ్డలు మడుసుడు నేర్పుతున్నది. గొంతు నాకెట్ల తెల్వదు? కంపౌండర్ ఒక్కనికే ఎరుకనా గొంతులు?

“గా ముసలాయా ఉంది జూడు, ఆమె కాడ జర పైలంగ ఉండు. పనిల మంచిదే. కని ఎనకట ఆమెది ఒక కథ ఉంది. ఎక్కువ కలవకు” అన్నది.

కట్టు నా చేతుల్ల బిగుసుకున్నది. గుడ్డ నా చెయ్యికి అందేంత దూరంల ఉంది. ఇట్ల పక్కకు జరిపితే అయిపోవు. అది నా మొఖం, నేను దాని మొఖం జూస్తుంటిమి. బాలింత “నొస్తుందవ్వా” అన్నది. కట్టు జర వదులు చేసిన.

సాయంత్రం గా కొత్త పిల్ల కొట్టంల నా కాడికొచ్చి నిలవడ్డది. సన్నటి పిల్ల, కండ్లల్ల బెరుకు. చేతుల సూదుల డబ్బ పట్టుకొని అటిటు జూసి, మెల్లగ అడిగింది.

“అవ్వా, నీ గురించి అంటున్నరు... కంపౌండర్ సంగతి. నిజమేనా?”

నేను పొయ్యిల పుల్లలు ముంగటికి జరిపిన.

“నిజమే బిడ్డా” అన్న.